అత్తగారికి నడుము ఆపరేషన్: మనిషి బాగా బలహీనంగా ఉన్నారు, తర్వాత కోలుకోవాలంటే ఇప్పటి నుంచే ఏం చేయాలి?

గోదారి_కోడలు:
అందరికీ నమస్కారం. మాది కాకినాడ. మా అత్తగారికి 76 ఏళ్లు. ఎమ్మారై చూసి నడుము దగ్గర నరాల దారి ఇరుకైందన్నారు, ఎల్4-ఎల్5 దగ్గర లంబార్ కెనాల్ స్టెనోసిస్. వీధి చివరిదాకా కూడా నడవలేరు. కాళ్లు బరువెక్కి తిమ్మిరెక్కుతాయి, ఏ అరుగు మీదో కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. మందులు, ఫిజియో, వెన్నులో ఇంజెక్షన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఆపరేషన్ చేసి స్క్రూలు వేయాలంటున్నారు, వచ్చే నెలకి డేట్ ఇచ్చారు.

సర్జన్ మీద మాకు నమ్మకం ఉంది. టెన్షన్ అంతా ఆ తర్వాత సంగతి. ఆవిడ బరువు 44 కిలోలు. షుగర్ ఉంది. "ఆపరేషన్ బాగానే అయింది, మనిషే మంచం దిగలేదు" అనే మాట మా చుట్టాల్లో ఒకటికి రెండుసార్లు విన్నాం. ఇంట్లో చూసుకునేది నేనూ మా వారూ మాత్రమే. ఇలాంటి పెద్దవాళ్లని దగ్గరుండి చూసుకున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

మత్తుడాక్టరు_గుంటూరు:
నమస్తే అమ్మా. నేను అనస్థీషియా డాక్టర్ని. మంచి సమయంలో అడిగారు. చాలామంది ఈ ప్రశ్న డిశ్చార్జ్ రోజున అడుగుతారు.

76 అనేది నాకు పెద్ద లెక్క కాదు. 85 ఏళ్లవాళ్లు మూడో రోజున ఇంటికి నడిచి వెళ్లడం చూశాను, 68 ఏళ్లవాళ్లు నెలలు మంచాన పడడమూ చూశాను. తేడా ఫ్రెయిల్టీలో ఉంది. అంటే ఒంట్లో దాచుకున్న బలం అయిపోవడం. చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా, రెండు రోజులు తిండి తప్పినా మళ్లీ పైకి లేవలేకపోవడం. దీన్ని పట్టుకోవడానికి 2001లో లిండా ఫ్రైడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఊరికే అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, ఒంటికి పని తగ్గిపోవడం. మూడు ఉంటే ఫ్రెయిల్ కింద లెక్క. మీ అత్తగారి నడక స్టెనోసిస్ వల్ల కూడా తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్కటీ చూసి తేల్చలేం. మిగతావి చెప్పండి. ఏడాది కిందట బరువెంత? చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా? స్నానం, బట్టలు సొంతంగానేనా? వేసుకునే మాత్రలన్నీ రాయండి, నిద్రమాత్రతో సహా. నిద్రమాత్ర సంగతి ఎవరూ చెప్పరు, అందుకే విడిగా అడుగుతున్నా.

గోదారి_కోడలు:
ధన్యవాదాలు డాక్టరుగారూ. పోయిన ఏడాది 50 కిలోలుండేవారు. కుర్చీ చేతులు పట్టుకుని రెండు ఊపులు ఊగితే గానీ లేవలేరు. నీళ్ల సీసా మూత నేనే తీసిస్తాను. స్నానం సొంతంగానే, కానీ చీర కట్టుకోవడం మానేసి నైటీలకి మారిపోయారు.

మాత్రలు: షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ విత్ హైడ్రోక్లోరోథయజైడ్, కాలి తిమ్మిరికి ప్రీగాబలిన్, నొప్పికి ఎటోరికాక్సిబ్ (మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు). అవునండీ, నిద్రమాత్ర అల్ప్రజోలం కూడా ఉంది. మామగారు పోయినప్పుడు మొదలుపెట్టారు, ఇప్పటికీ రాత్రిపూట వేసుకుంటారు.

మత్తుడాక్టరు_గుంటూరు:
ఇక్కడే సగం పని ఉంది.

అల్ప్రజోలం: పెద్దవాళ్లలో ఆపరేషన్ తర్వాత మతి తప్పడానికి, పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అలాగని ఈ రాత్రి నుంచే మానిపించకండి. ఏళ్లుగా వాడుతున్నది ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి, దానికి వారాలు పడుతుంది. మానలేకపోతే కనీసం ఆ సంగతి మత్తు డాక్టర్‌కి తెలిసి ఉండాలి.

ప్రీగాబలిన్ తూగు తెస్తుంది, తల తిప్పుతుంది. దాంతోపాటు ఆపరేషన్ తర్వాత నొప్పికిచ్చే ట్రమడాల్ కూడా పడితే మగతలోకి జారిపోతారు. ఎటోరికాక్సిబ్ మాత్రం షాపులో కొని వేసుకునే మందు కాదు. బీపీ మాత్రతో కలిసి కిడ్నీల మీద పడుతుంది. ఆ బీపీ మాత్రలోని థయజైడ్ వల్ల రక్తంలో సోడియం తగ్గవచ్చు, ముసలివాళ్లలో ఇది మామూలే. సోడియం తగ్గితే నీరసం, తికమక, తూలడం వస్తాయి. "వయసు మీద పడింది" అనుకుని ఊరుకుంటారు.

కాబట్టి హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), అల్బుమిన్ (రక్తంలో ప్రోటీన్), విటమిన్ డి చేయించండి. స్క్రూల మాట వచ్చింది కాబట్టి ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ కూడా. టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే అది ఆస్టియోపోరోసిస్. ఎముక గుల్లబారితే స్క్రూ పట్టు నిలవదు, వదులైపోతుంది. అలాంటప్పుడు కొందరు సర్జన్లు రోజూ పొట్ట మీదో తొడ మీదో చేసుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్‌తో ముందు ఎముకను బలపరుస్తారు. మీ సర్జన్‌తో మాట్లాడండి.

పీజీ_ఆర్థో:
ఒక్క మాట కలుపుతాను. ఆవిడకి స్క్రూలు తప్పనిసరేనా అని అడగడంలో తప్పులేదు. నరాల మీద ఒత్తిడి తీసేయడం ఒక ఆపరేషన్, దాంతో పాటు ఎముకల్ని స్క్రూలతో బిగించడం ఇంకాస్త పెద్ద ఆపరేషన్. రెండోదానికి సమయం, రక్తస్రావం, ఆసుపత్రిలో రోజులు అన్నీ ఎక్కువ. 2016లో స్వీడన్ నుంచి న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో 50 నుంచి 80 ఏళ్ల స్టెనోసిస్ పేషెంట్లు 247 మందిని చూస్తే, బిగింపు కలిపినవాళ్లు రెండేళ్లకీ ఐదేళ్లకీ అదనంగా బాగుపడిందేమీ లేదు. 2021లో నార్వే ట్రయల్ కూడా, పూస కొంచెం ముందుకు జారినవాళ్లలో సైతం, ఒత్తిడి తీయడం ఒక్కటే సరిపోతుందన్న వైపే చూపించింది.

అయితే 2016లో అదే సంచికలో వచ్చిన అమెరికా ట్రయల్‌లో బిగింపుకి కొద్దిగా మొగ్గు కనిపించింది. పూస బాగా కదులుతున్నా, వెన్ను వంకర ఉన్నా లెక్క మారిపోతుంది. వంగినప్పుడు, వెనక్కి వాలినప్పుడు తీసే ఎక్స్‌రేలు చేశారా?

గోదారి_కోడలు:
లేదండీ, పడుకోబెట్టి ఎమ్మారై, మామూలు ఎక్స్‌రే అంతే. అడుగుతాను. డాక్టర్‌గారికి కోపం వస్తుందేమో అని భయం.

పీజీ_ఆర్థో:
"ఒత్తిడి తీయడం ఒక్కటే చేస్తే ఏమవుతుంది సార్?" అని అడగండి. కోపం వచ్చే ప్రశ్న కాదు. రోజూ నలుగురు అడుగుతారు.

ఫిజియో_కర్నూలు:
మేడమ్, అందరూ ఆపరేషన్ అయ్యాక ఫిజియోని పిలుస్తారు. మీరు ఇప్పుడే పిలవండి. నొప్పీ, మత్తు ప్రభావమూ ఉన్నప్పుడు కొత్త విద్య నేర్పించడం చాలా కష్టం. ముందే అలవాటైతే అప్పుడు ఒళ్లు దానంతటదే చేస్తుంది.

నా పేషెంట్లకి నేను ముందు నేర్పేది మంచం దిగడం. నడుము మెలితిరగకుండా, భుజం, తుంటి, మోకాళ్లు ఒకేసారి ఒక పక్కకి ఒత్తిగిలాలి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ మోచేత్తో లేవాలి. ఇది రోజూ పొద్దున లేచేటప్పుడు అలాగే చేయిస్తే ఆపరేషన్ నాటికి వచ్చేస్తుంది. రెండోది, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, చేతులు ఆనించనివ్వండి. ఐదుసార్లు తేలిగ్గా అవుతుంటే దిండు పల్చన చేయండి. తొడ కండకి ఇంతకు మించిన వ్యాయామం ఇంట్లో లేదు.

స్టెనోసిస్ ఉన్నవాళ్లకి నిటారుగా నడిస్తే కాళ్లు పట్టేస్తాయి, కొంచెం ముందుకి వంగితే దారి వదులై హాయిగా ఉంటుంది. అందుకే సూపర్ మార్కెట్‌లో బండి తోసుకుంటూ ఎంతసేపైనా తిరుగుతారు. కాబట్టి వాకర్ ఇప్పుడే కొని, దాని మీద కాస్త వాలి నడిపించండి. కదలని సైకిల్ దొరికితే ఇంకా మంచిది. ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ కొని బంతులు పైకి లేచేలా గాలి పీల్చడం నేర్పించండి. ఊదడం కాదు, పీల్చడం! సగం మంది ఊదుతూ ఉంటారు.

రిటైర్డ్_మాస్టారు:
అమ్మా, నేను పేషెంటుగా రాస్తున్నాను. నాకు 78వ ఏట ఇదే ఆపరేషన్ అయింది. కుట్లకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది పథ్యం. మా వదినగారు వచ్చి పప్పు తింటే చీము పడుతుందని కందిపప్పు ఆపించారు. గుడ్డు వేడి, పెరుగు చలువ, వంకాయ దురద. చివరికి నాకు మిగిలింది కారప్పొడీ, నెయ్యీ, చారన్నం. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ హార్లిక్స్ సీసా, ఆపిల్ పళ్లు. ఇంట్లో కొట్టు పెట్టుకోవచ్చు. పుండు మానాల్సిన మనిషికి చారన్నం పెడుతున్నారేమిటని డ్రెస్సింగ్ చేసే నర్సమ్మ కేకలేస్తే గానీ మా ఇంట్లో మళ్లీ పప్పు ఉడకలేదు.

కువైట్_సిస్టర్:
మాస్టారూ 😄 ప్రతి ఇంట్లో ఒక వదినగారు ఉంటారు.

గోదారి_కోడలు గారూ, నేను ఆర్థో వార్డులో నర్సుని. పప్పు వల్ల చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల. షుగర్ అదుపులో లేకపోవడం, ఒంట్లో ప్రోటీన్ తక్కువ కావడం దానికి తోడవుతాయి. ఇలా చిక్కిపోయిన పెద్దవాళ్లకి రోజుకి ఒక్కో కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. మీ అత్తగారికైతే 53 నుంచి 66 గ్రాములు. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క వర్తించదు, అందుకే ముందు క్రియాటినిన్ రిపోర్ట్ చూపించండి.

మన తిండిలో అంత రావడం కష్టం. గుడ్డుకి 6 గ్రాములు, పెద్ద గ్లాసు పాలకి 8, కప్పు పప్పుకి ఆరేడు. రాగి జావ బలమని రెండు పూటలా పోస్తారు. అందులో కాల్షియం బాగా ఉంది కానీ ఒక గ్లాసు జావలో ప్రోటీన్ రెండు మూడు గ్రాములకి మించదు. పొట్ట నిండిపోతుంది, ఇంకేమీ తినరు. అదే జావని పాలతో కాయండి. ఆవిడ మాంసాహారమేనా?

గోదారి_కోడలు:
అయ్యో లేదండీ. గుడ్డు ఇంట్లోకే రానివ్వరు.

కువైట్_సిస్టర్:
అయితే పెసరట్టు (ఉప్మా లేకుండా), పనీర్, మీల్ మేకర్, వేయించిన శనగలు నమలలేకపోతే పొడి చేసి మజ్జిగలో, గట్టి పెరుగు. తక్కువ పడింది ప్రోటీన్ పౌడర్‌తో సరిపెట్టండి, చక్కెర లేనిది చూసుకోండి. ఒకే పూట పెట్టకుండా మూడు పూటలకీ పంచండి, ముఖ్యంగా పొద్దున. మన పెద్దవాళ్ల పొద్దుటి టిఫిన్ అంటే రెండు ఇడ్లీ, కాఫీ.

విటమిన్ డి తక్కువొస్తే 60,000 యూనిట్లది వారానికొకటి రాస్తారు. కొందరు రోజుకొకటి వేసేసుకుని కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రికి వస్తారు. చీటీ రెండుసార్లు చదవండి.

సీతాపతి_విజయనగరం:
ఇన్ని హడావుడులెందుకు? మా నాన్నగారి కాలంలో వెన్ను ఆపరేషన్ అంటే మూడు నెలలు కదలకుండా పడుకోబెట్టేవారు. ఇప్పుడు మర్నాడే నడిపిస్తున్నారు, బెడ్లు ఖాళీ చేయించుకోవడానికి. ఎముక అతుక్కోవాలంటే విశ్రాంతి కావాలి.

ఫిజియో_కర్నూలు:
సీతాపతి గారూ, గౌరవంతోనే ఒప్పుకోను. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచంలోనే ఉంచి కొలిస్తే కాళ్ల కండ దాదాపు కిలో పోయింది. వాళ్లు ఏ జబ్బూ లేనివాళ్లు! 44 కిలోల మనిషి దగ్గర పోగొట్టుకోవడానికి అంత కండ ఎక్కడుంది? మంచంలో ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, పిక్కల్లో రక్తం గడ్డ కడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. నడక వల్ల స్క్రూలు ఊడవు. వంగి బిందె ఎత్తడం, మెలితిరగడం, బరువులు మోయడం, ఇవి వద్దంటాం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో పేగు ఆపరేషన్లతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. తొందరగా తినిపించడం, తొందరగా నడిపించడం, గొట్టాలు తొందరగా తీసేయడం. నడుము ఫ్యూజన్‌కి (స్క్రూలతో బిగించే ఆపరేషన్‌కి) కూడా 2021లో ఇదే దారిలో మార్గదర్శకాలు వచ్చాయి.

సీతాపతి_విజయనగరం:
సరే, మీరు రోజూ చూసేవారు. కానీ అందరికీ ఒకే మంత్రం కాదు.

మత్తుడాక్టరు_గుంటూరు:
అది నిజమే సీతాపతి గారూ. ఆపరేషన్‌లో నరాల పొర చిరిగి కుట్టినప్పుడు కొన్నాళ్లు పడుకోమనే సర్జన్లు ఉన్నారు. ఎప్పుడు లేపాలో సర్జన్ మాటే చివరిది. కారణం లేకుండా పడుకోబెట్టడమే వద్దంటున్నాం.

తొందరగా తినిపించడం మాట వచ్చింది కాబట్టి ఆపరేషన్ ముందు ఉపవాసం సంగతి కూడా. "రాత్రి పన్నెండు నుంచి ఏమీ ముట్టొద్దు" అంటారు, ఆపరేషనేమో మధ్యాహ్నం రెండింటికి. ముసలి ప్రాణం ఎండిపోతుంది. మామూలుగా తేలిక భోజనం ఆరు గంటల ముందు వరకు, నీళ్లు రెండు గంటల ముందు వరకు పర్వాలేదు. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్లకి పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మీ మత్తు డాక్టర్‌ని అడిగే చేయండి.

ఓరుగల్లు_రమ:
ఇందాక డాక్టర్ సార్ మతి తప్పడం గురించి అన్నరు కదా, దాని గురించి రాస్త. మా బాపుకు వెన్ను ఆపరేషన్ అయినంక రెండో రాత్రి ఐసీయూలో మనిషే మారిపోయిండు. సెలైన్ సూది పీకేసిండు. నన్ను చూసి చనిపోయిన మా మేనత్త పేరుతోటి పిలిచిండు. పొద్దున పోయి చూస్తే చేతులు మంచానికి కట్టేసి ఉన్నయి. బంధువులు గాలి సోకిందన్నరు, ఒకాయన తాయెత్తు కూడా తెచ్చిండు. మాకు ముందు ఒక్కరు కూడా ఇట్ల కావచ్చని చెప్పలేదు. చెప్పి ఉంటే అంత భయపడేవాళ్లం కాదు. వారం దాకా అట్లనే ఉండి మెల్లగ తేరుకున్నడు. కళ్లద్దాలు, చెవి మిషన్ రెండూ నా బ్యాగులనే ఉన్నయి, ఐసీయూలకు తీసుకపోనియ్యలేదు.

మత్తుడాక్టరు_గుంటూరు:
రమగారూ, మీరు రాసింది ఈ థ్రెడ్‌లో అందరూ చదవాలి. దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి కాదు, గాలి కాదు. బలహీనమైన మెదడు మీద నొప్పి, మందులు, నిద్రలేమి, ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం బిగపట్టడం, మలబద్ధకం అన్నీ కలిసి పడితే వస్తుంది. గోల చేసేవాళ్లని అందరూ గుర్తుపడతారు. మాట్లాడకుండా, తినకుండా ఒక మూల చూస్తూ పడుకునే రకం కూడా ఉంది. "పాపం రెస్ట్ తీసుకుంటున్నారు" అనుకుంటారు. ఎక్కువ తప్పిపోయేది ఆ రకమే.

మందులకంటే మనుషులు చేసే పనే దీనికి ఎక్కువ అడ్డుకట్ట. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో షారన్ ఇనౌయె బృందం 1999లో చూపించింది. కళ్లద్దాలు పెట్టడం, చెవి మిషన్ ఇవ్వడం, రోజూ తేదీ, ఊరు గుర్తుచేస్తూ మాట్లాడడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్రపోనివ్వడం, ఇవన్నీ పద్ధతిగా చేస్తే వార్డులో ముసలివాళ్లకి డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. అది ఆపరేషన్ పేషెంట్ల వార్డు కాదు, అయినా చేయాల్సినవి ఇవే. మన దగ్గర ఒక సౌకర్యం ఉంది, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటారు. ఐసీయూలో ఒక రాత్రి ఉంచుతామంటే, పగలు కాసేపైనా ఇంటి మనిషిని లోపల కూర్చోనిస్తారా అని ఇప్పుడే అడిగిపెట్టుకోండి.

డల్లాస్_శీను:
ఇక్కడ ఆపరేషన్ అయ్యాక ఇలాంటి పెద్దవాళ్లని రిహాబ్ సెంటర్‌కి పంపి, రోజూ థెరపీ చేయించి, అప్పుడు ఇంటికి పంపుతారు. మా అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటుంది, ఆవిడకీ ఇదే సమస్య. మన ఊళ్లలో ఏం చేస్తారు? నేను మూడు వారాల సెలవు మీద రాగలను, అంతే.

కువైట్_సిస్టర్:
శీను గారూ, అందరూ ఆపరేషన్ రోజుకి టికెట్ తీసుకుంటారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సులుంటారు. మీ అవసరం డిశ్చార్జ్ అయ్యాకే. ఆ రోజుకి దిగేలా రండి. వచ్చేముందే ఒక ఆయమ్మని మాట్లాడి, వాకర్ పట్టుకోవడం, పక్కకి ఒత్తిగిలించడం ఆమెకి ఫిజియో చేత చూపించండి.

ఇద్దరికీ చెప్తున్నా, ఇల్లు ముందే సర్దండి. నవారు మంచం పనికిరాదు, గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం. కింద కూర్చునే బాత్రూమ్ అయితే కమోడ్ కుర్చీ. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు. గడపల దగ్గర జాగ్రత్త, జారే పట్టాలు తీసేయండి. ట్రమడాల్ రాస్తే విరేచనం మందు కూడా రాయమని అడగండి, నాలుగు రోజులు బిగిస్తే ముసలావిడ తిండి మానేస్తుంది.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ, కాలు కొత్తగా బలహీనపడడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, ఒక పిక్క వాయడం. ఆయాసం, గుండెలో నొప్పి అయితే ఫోన్లు కాదు, 108.

గోదారి_కోడలు:
అప్‌డేట్. నిన్న సర్జన్‌గారిని కలిశాం. కోప్పడలేదు. డెక్సా మైనస్ 2.9 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6. సోడియం కూడా కాస్త తక్కువే, బీపీ మాత్ర మార్చారు. ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తామన్నారు. క్రియాటినిన్ బాగానే ఉంది, ప్రోటీన్ పెంచమన్నారు. వంగే ఎక్స్‌రేలు చూసి పూస పెద్దగా కదలడం లేదు, స్క్రూలు లేకుండా ఒత్తిడి తీయడం గురించి ఆలోచిద్దామన్నారు, ఇంకా తేల్చలేదు. డేట్ ఆరు వారాలు వాయిదా వేశారు. మా వారు కొంచెం నిరుత్సాహపడ్డారు గానీ నాకు ఊపిరి పీల్చుకున్నట్టుంది.

సర్జన్‌గారు అత్తయ్యని "మీకు ఏం కావాలమ్మా?" అని అడిగారు. "కార్తీకమాసంలో అన్నవరం వెళ్లి పీట మీద కూర్చుని వ్రతం చేయించుకోవాలి" అన్నారు.

పీజీ_ఆర్థో:
మంచి సర్జన్ దొరికారు. ఆ కోరికని రెండు ముక్కలు చేయండి. కొండ పైదాకా వాహనం పోతుంది, గుడిలో నడవడం సాధ్యపడవచ్చు. ఎందుకంటే ఈ ఆపరేషన్ బాగా తగ్గించేది కాళ్ల బాధనీ, నడకలో ఇబ్బందినీ. నడుము నొప్పి అంతగా తగ్గకపోవచ్చు, అది ముందే ఆవిడకి చెప్పండి. పీట మీద మఠం వేసుకుని కూర్చోవడం ఈ కార్తీకానికి వద్దు. కుర్చీలో కూర్చుని చేయించుకోవచ్చు.

రిటైర్డ్_మాస్టారు:
నేను కుర్చీలోనే చేయించుకున్నానమ్మా. పురోహితుడుగారు ఏమీ అనలేదు, ఆయనకీ మోకాళ్ల నొప్పులే.

గోదారి_కోడలు:
😄 చెప్తాను మాస్టారూ. ఇంకొక్కటి. ఆవిడ ఏకాదశి ఉపవాసం మానరు. నెలకి రెండు. ప్రోటీన్ లెక్కంతా ఆ రోజు పోతుంది. పైగా షుగర్.

మత్తుడాక్టరు_గుంటూరు:
మీరు రాసిన మాత్రల్లో షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంది. గ్లిమెపిరైడ్ లాంటిది ఏమైనా కలిసి ఉందా? రెండూ ఒకే మాత్రలో వస్తాయి, అట్ట మీద చూడండి. అది ఉంటే మాత్ర వేసుకుని ఉపవాసం ఉండడం ప్రమాదం, షుగర్ పడిపోతుంది.

గోదారి_కోడలు:
చూశానండీ, మెట్‌ఫార్మిన్ ఒక్కటే. 500.

కువైట్_సిస్టర్:
అయితే పాలు, పెరుగు, పనీర్ ఏకాదశికి పనికొస్తాయేమో అడగండి. మా నాయనమ్మ పాలు తాగేది. నిర్జల ఉపవాసం మాత్రం ఆపరేషన్ అయ్యేదాకా, అయ్యాక కుట్లు మానేదాకా ఒప్పుకోకండి.

గోదారి_కోడలు:
పాలు, పెరుగు ఓకే అట. పనీర్ "అదేం తిండో" అంటున్నారు. చూద్దాం.